తోడేలు వాటా

మొదటి గొర్రెలు చచ్చిన పొద్దున నేను డ్యూటీకి తయారవుతున్నాను. రిసార్ట్ వాళ్ళు ఇచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుని కొంగుకు పిన్ను పెట్టుకుంటుంటే, బాపు మంద దగ్గర నుంచి వచ్చాడు. మోచేతుల దాకా నెత్తురు. గడప బయటే నిలబడి నీళ్ళు పొయ్యమన్నాడు. అమ్మ చెంబుతో పోస్తుంటే చేతులు రుద్దుకుంటూ, "తోడేలొచ్చింది," అన్నాడు. ఎన్ని పోయాయని అమ్మ అడుగుతుండగానే మళ్ళీ మంద వైపు తిరిగాడు.

నేను కుచ్చిళ్ళు పైకి దోపుకుని మంద దగ్గరికి పరుగెత్తాను. మా ఊరి నుంచి కృష్ణ ఒడ్డుకు దిగే బాటలో, సర్కారు తుమ్మల పక్కన బాపు వల కట్టి మందను నిలిపేవాడు. ఆ వల ఒక పక్క చిరిగి నేల మీద పడి ఉంది. ఈనడానికి దగ్గరపడిన గొర్రె ఒకటి దాని మీదే పడి ఉంది. పొదుగు లేదు. వెనక తొడల కండ ఎముక కనబడేదాకా పీకి ఉంది. కడుపు చీరుకుపోయి లోపలి పిల్ల మట్టిలోకి జారింది, ఇంకా పొర కప్పుకునే ఉంది. కాస్త అవతల మరో రెండు గొర్రెలు బతికే ఉన్నాయి. ఒకదానికి పేగులు వేలాడుతున్నాయి. అయినా నిలబడి ఏమీ జరగనట్టు గడ్డి కొరుకుతోంది. గొర్రె అంతే, నొప్పిని బయటికి చెప్పదు. నా వెనకే తిరిగొచ్చిన బాపు ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గొంతులు కోశాడు.

నేను మందలో పెరిగిన పిల్లను. తోడేలు పని ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అది గొంతు పట్టుకుంటుంది, ఒకదాన్నే పట్టుకుంటుంది, ఎత్తుకుని పోతుంది. ఇక్కడ ఒక్క గొర్రె గొంతు మీద కూడా పన్ను దిగలేదు. అన్నీ వెనక నుంచి, పక్కల నుంచి చీల్చినవే. కడుపు నిండిన జంతువులు ఊరికే కరిచి, కొంచెం కొరికి, ఇంకోదాని మీదికి పోయిన గుర్తులవి.

"బాపూ, గిది తోడేలు పని గాదు. కుక్కలు."

"నీకేమెరుక? తోడేలే," అన్నాడు కత్తిని గడ్డికి తుడుస్తూ. "డ్యూటీకి పో. ఆలస్యమైతే మీ సారు మొత్తుకుంటడు."

మా కురుమ ఇండ్లల్లో తోడేలుకు ఒక లెక్క ఉంది. అది పట్టిన గొర్రెను మళ్ళీ గుంజుకోరు. తోలు తీయరు, కూర వండరు, తిట్టరు కూడా. అది ఎత్తుకుపోలేక వదిలినదాన్ని మందకు దూరంగా బండల మీదికి మోసుకుపోయి పెట్టి, "నీ వాటా నీకు ముట్టింది, ఇంక రాకు," అని చెప్పి వెనక్కి చూడకుండా వస్తారు. వాటా అందిన తోడేలు కొన్నాళ్ళు ఆ మంద వైపు రాదని నమ్మకం. మా తాత అట్లాగే చేసేవాడు. నా చిన్నప్పుడు బాపు చేయడం నేనే చూశాను. ఆ పొద్దున కూడా బాపు మూడు గొర్రెలను ఒక్కొక్కటిగా భుజం మీద వేసుకుని ఒడ్డు పైనున్న బండల మీదికి మోశాడు. అమ్మ వెనకాల నడుస్తూ, గొంతు కోసినవాటి తోలన్నా తీసుకుందామని బతిమాలింది. బాపు వినలేదు. పుట్టని పిల్లను కూడా పొరతోనే తల్లి పక్కన పెట్టి వచ్చాడు.

నేను ఆకుపచ్చ చీరకు అంటిన నెత్తుటి మరకను తడిగుడ్డతో తుడుచుకుని డ్యూటీకి పోయాను.

నా సంగతి చెప్పాలి. నన్ను షాద్‌నగర్‌లో ఇచ్చారు. ఆయన అక్కడి కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. పని నుంచి వచ్చి కొట్టేవాడు, పనికి పోయే ముందు కొట్టేవాడు. ఒకసారి జుట్టు పట్టి తలుపు చెక్కకు కొడితే దవడ పగిలింది. దవాఖానలో డాక్టరు, "ఏమైంది?" అని అడిగితే ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. "మెట్ల మీద జారి పడ్డ," అన్నాను. మా అద్దె ఇంటికి మెట్లే లేవు. కట్టు కట్టి పంపించారు. ఆ వారంలోనే బాపు వచ్చి, గొంగడి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి, "బట్టలు సర్దుకో బిడ్డా," అన్నాడు. నా బిడ్డను ఎత్తుకుని ముందు నడిచాడు.

తెచ్చుకున్నంత సులువుగా ఉంచుకోలేకపోయాడు. కులపెద్దలు రెండుసార్లు వచ్చి కూర్చున్నారు. మొగుడు కొట్టని ఇల్లుందా అన్నారు. దాని బువ్వ ఎవరు పెడతారు, దాని బిడ్డ చదువు ఎవరు చూస్తారు అన్నారు. బాపు తల వంచుకుని విన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఊరి పైన, కృష్ణ నీళ్ళు కనబడే గుట్ట మీద రిసార్ట్ లేచింది. కొత్త రాష్ట్రం వచ్చాక రోడ్డు వెడల్పయి కొల్లాపూర్ మీదుగా కార్లు రావడం మొదలైంది. ఊరివాళ్ళకే పనులిస్తామన్నారు. నాకు డైనింగ్ హాల్‌లో పని దొరికింది. మూడోసారి పెద్దలు వచ్చినప్పుడు బాపు తల ఎత్తి, "మా పిల్ల కొల్వు చేస్తాంది," అన్నాడు. ఆ ఒక్క మాటతో వాళ్ళు చాయ తాగి లేచిపోయారు.

కాబట్టి ఆ ఉద్యోగాన్ని నేను చులకన చేయను. నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. ఆకలితో దిగిన మనిషికి వేడిగా వడ్డించడం మంచి పనే. మా బాపు కూడా మంద దగ్గరికి ఎవరొచ్చినా మందలోని మేకల పాలు పిండి ఇవ్వకుండా పంపడు. నాకు మండింది వేరే సంగతి.

రిసార్ట్ గేటు మీద 'ప్రకృతి ఒడిలో, ప్రకృతికి హాని లేకుండా' అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండేది. గదుల్లో ప్లాస్టిక్ సీసాలు పెట్టేవాళ్ళం కాదు, నిజమే. తువ్వాలు రోజూ ఉతికించుకోకండి, నీళ్ళు ఆదా చేయండి అని చీటీ ఉండేది. దాని పక్కనే ఈత కొలను. మా ఊరికి ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజే నీళ్ళు. డైనింగ్ హాల్ వెనక అందంగా రాళ్ళు పేర్చిన ఎరువు గుంట ఉండేది, అతిథులను తీసుకుపోయి చూపించడానికి. అందులో మేము వేసేది నిమ్మతొక్కలు, బంతిపూలు. బిర్యానీ, మటన్ ఎముకలు, కోడి కాళ్ళు, సగం కొరికిన చేపలు, ఇవన్నీ బకెట్లలో వంటగది వెనక గోడ అవతలికి పోయేవి. శని ఆదివారాలు ఎంత పారేసేవాళ్ళమో చూస్తే కడుపు రగిలిపోయేది. కళ్ళు తినమన్నంత వడ్డించుకుని, కడుపు వద్దన్నప్పుడు వదిలేసేవాళ్ళు.

ఆ గోడ అవతల కుక్కలు చేరాయి. మొదట ఊరకుక్కలే. తర్వాత ఎక్కడెక్కడివో వచ్చాయి. మాంసం తిని తిని మెడలు లావెక్కాయి, చూపు మారింది. ఊళ్ళో గంజికి తోక ఊపే కుక్క వేరు, ఇవి వేరు. ఒకరోజు మధ్యాహ్నం ఒకటి లాన్ మీదికి వచ్చి ఒక పిల్లవాడి చేతిలోని కోడి కాలు లాక్కుంది. గేటు దగ్గరి కాపలాదారు ఇనుప పైపుతో పరుగెత్తుకొచ్చాడు. మొదటి దెబ్బకే నడుము విరిగింది. అది ముందరి కాళ్ళతో గడ్డి మీద పాకుతుంటే తల మీద కొడుతూనే ఉన్నాడు. తెల్ల గొడుగుల కింద కూర్చున్నవాళ్ళు కేకలు పెట్టారు. ఒకావిడ వాంతి చేసుకుంది. ఇంకొకాయన ఫోన్‌లో తీసి లోకానికంతా పంపించాడు.

మర్నాడు మేనేజర్ అందరినీ వరసగా నిలబెట్టాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. "గెస్ట్ కళ్ళ ముందు కర్ర లేవకూడదు. మూగజీవాలను హింసించే చోటని మనకు పేరొచ్చింది," అన్నాడు. ఇక నుంచి మిగిలిన తిండిని ట్రాక్టర్‌లో దూరంగా, కింద నీళ్ళ అంచుకు తీసుకుపోయి పోయాలని, అప్పుడు కుక్కలు కూడా అక్కడికే పోతాయని చెప్పాడు.

"సార్, గాడ పొయ్యద్దు," అన్నాను. "గది గొర్రెలు నీళ్ళకు దిగే తొవ్వ. గుంట తీసి పూడ్సుండ్రి."

"కంపోస్ట్ పిట్ ఉంది కదమ్మా," అన్నాడు నవ్వుతూ.

అందులో ఏం పడుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నవ్వుతున్న మనిషితో ఎట్లా కొట్లాడాలో నాకు అప్పటికి రాదు. ఆ తర్వాత కొద్ది రోజులకే బాపు మోచేతుల దాకా నెత్తురుతో వాకిట్లోకి వచ్చాడు.

వాటా పెట్టినా ఆగలేదు. ఎట్లా ఆగుతాయి? బండల మీద పెట్టిన గొర్రెలను కుక్కలే తిన్నాయి. మళ్ళీ వచ్చాయి. ఈసారి పొట్టేలు. అది తిరగబడిందేమో, ఒక కొమ్ము మొదలంటా విరిగి ఉంది. ముఖం సగం లేదు. బాపు దాన్నీ మోసుకుపోయి బండ మీద పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు కండ్లు వోయినయా బాపూ? తోడేలైతే పొట్టేలును గిట్ల నమిలి ఇడిసిపెడతదా? కుక్కలకు నువ్వే మేత పెట్టవడితివి!"

బాపు గొడ్డలి ఎత్తాడు. నా మీదికి కాదు, పక్కనున్న తుమ్మ మొద్దు మీదికి. ఒక్క దెబ్బకు గొడ్డలి పిడి దాకా దిగింది. "తోడేలే అన్న గద," అని అరిచాడు. బాపు నా మీద అరవడం నా జన్మలో అదే మొదటిసారి. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. ఇంత మొండి మనిషి ఎట్లా అయ్యాడా అని నేను ఆ రోజంతా బాపును తిట్టుకున్నాను.

తోడేలన్న మాట గుట్ట ఎక్కింది. మంద చూపించడానికి అతిథులను తీసుకొచ్చే జీపు డ్రైవరు బాపు నోట ఆ మాట విని మేనేజర్‌కు చేరవేశాడు. మేనేజర్ కళ్ళు మెరిశాయి. వారం తిరక్కుండా గేటు దగ్గర రంగుల బోర్డు లేచింది. తోడేలు బొమ్మ, దాని కింద 'తోడేళ్ళ తావులో ఒక సాయంత్రం'. పైకప్పు లేని జీపులో అతిథులను నీళ్ళ అంచు దాకా తీసుకుపోయి, దూరం నుంచి తోడేళ్ళను చూపించడం అన్నమాట. దారిలో చాయ, పకోడీ. అవి అందించే పని నాది. ట్రాక్టర్ ముందే పోయి ఎముకలు పోసి వచ్చేది. జీపు చప్పుడు వినగానే కుక్కలు తుమ్మల్లోంచి వచ్చేవి. పొద్దు వాలే వెలుతురులో, బూడిద రంగువి, మట్టి రంగువి, దూరం నుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? తెలియాలని ఎవరికీ లేదు కూడా. అతిథులు ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళు. మా ఊరివాడైన డ్రైవరు చేత కూడా మేనేజర్ తోడేలు అనిపించాడు.

నేను మేనేజర్ గదికి పోయాను. "సార్, గవి కుక్కలు. మా మంద మీద పడుతున్నయి."

"మీ నాన్నగారే తోడేలు అంటున్నారు కదమ్మా," అన్నాడు. "అంత అనుభవం ఉన్న మనిషి. నీకంటే ఆయనకు తెలియదా?" తర్వాత, చాలా మెల్లగా, నాకు ఈ పని ఎంత అవసరమో తనకు తెలుసని అన్నాడు. మా కులపెద్దల సంగతి ఆయన దాకా ఎవరు మోశారో కానీ, ఆ మాటలో ఉన్న కత్తి నా మెడకు తగిలింది.

ఆ ఎండాకాలం నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. డ్యాం నీళ్ళ కింద మునిగి ఉండే ముంపు భూమి బయటపడి నల్ల ఒండ్రు మీద పచ్చగడ్డి లేచింది. గొర్రెలకు అంతకన్నా మంచి మేత ఉండదు. కానీ నీళ్ళ దాకా పోవాలంటే గట్టి నేల ఒక్క చోటే ఉంది, మిగతా అంతా ఊబి. కాలు పెట్టిన గొర్రె కడుపు దాకా దిగిపోతుంది. ఆ గట్టి నేల మొదట్లోనే ట్రాక్టర్ ఎముకలు పోసేది. బాపుకు ఇంకో దారి లేదు. పొద్దు గుంకక ముందే మందకు నీళ్ళు చూపించి తోలుకొచ్చేయాలని తొందరపడేవాడు.

ఆ రోజు పొద్దున ఒక గుంపును డ్రైవరు మంద దగ్గరికి తీసుకొచ్చాడు. బాపు మేకపాలు పిండి ఇచ్చాడు. వాళ్ళు తాగి, బాపు గొంగడి కప్పుకుని, బాపు కర్ర పట్టుకుని ఫోటోలు దిగారు. సాయంత్రం అదే గుంపు జీపులో కూర్చుంది. ఆ రోజు రిసార్ట్‌లో జనం తక్కువ, మిగిలింది తక్కువ. మేము అక్కడికి చేరేసరికి నేల మీద నాలుగు ఎముకలు కూడా లేవు. కుక్కలు జీపు చుట్టూ తిరిగి, వాసన చూసి, మూలిగి, తలలు అటు తిప్పాయి. బాపు మంద నీళ్ళు తాగి ఎదురుగా వస్తోంది.

ముందు ఒకటి ఉరికింది. దాని వెనక అన్నీ ఉరికాయి. మంద రెండుగా చీలింది. సగం ఊబిలోకి దూకింది. దిగిపోయినవి దిగిపోయినట్టే అరుస్తుంటే కుక్కలు వాటి వీపుల మీదెక్కి చెవులు, మొఖాలు కొరికాయి. ఒక గొర్రెపిల్లను రెండు కుక్కలు చెరో వైపు పట్టి లాగితే మధ్యకు తెగింది. బాపు కర్ర తిప్పుకుంటూ మధ్యలోకి వచ్చాడు. దెబ్బ తగిలిన ప్రతి కుక్కా కుయ్యిమంటూ పక్కకు పోయి మళ్ళీ ఇంకో వైపు నుంచి వచ్చింది.

జీపులో అందరూ లేచి నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. "హంటింగ్! నిజంగా వేటాడుతున్నాయి!" అని ఒకాయన ఊగిపోతున్నాడు. "అదిగో, పొద్దున పాలిచ్చిన తాత!" అంది ఒకామె, గుర్తుపట్టినందుకు సంతోషంగా. ఫోన్ మాత్రం దించలేదు. వెనక సీట్లో ఒక ముసలావిడ మాత్రం, "ఎవరైనా పోండయ్యా, మనిషిని చంపేస్తాయి," అని ఏడుస్తోంది. ఎవరూ దిగొద్దని డ్రైవరు అరిచాడు. అప్పుడే ఒక పెద్ద ఎర్రకుక్క బాపు తొడ పట్టుకుంది. బాపు కింద పడ్డాడు.

నేను దూకాను. చేతిలో చాయ నింపిన స్టీలు క్యాన్ ఉంది. ఎట్లా పరుగెత్తానో తెలియదు, మూత ఊడదీసి మరిగే చాయ మొత్తం ఆ కుక్క మొఖం మీద కుమ్మరించాను. కొంత బాపు కాలి మీద కూడా పడింది. కుక్క నోరు వదిలి గిరగిర తిరిగింది. దాని కళ్ళు కనిపించడం లేదు. ఖాళీ క్యాన్‌ను రెండు చేతులతో ఎత్తి తల మీద వేశాను. మళ్ళీ వేశాను. ఎముక పగిలిన చప్పుడు విన్నాను. అది కదలడం మానేశాక కూడా కొడుతూనే ఉన్నాను. క్యాన్ సొట్టలు పోయి చేతుల్లో వంకరైంది. అబద్ధం ఎందుకు, నాకు హాయిగా అనిపించింది. షాద్‌నగర్‌లో నా జుట్టు పట్టుకున్న చెయ్యి, మేనేజర్ నవ్వు, పైకెత్తిన ఆ ఫోన్లు, అన్నింటినీ కలిపి కొట్టాను. మిగతా కుక్కలు వెనక్కి తగ్గాయి. తల తిప్పి చూస్తే ఒక ఫోన్ ఇప్పుడు నా వైపు ఉంది. క్యాన్‌ను దాని మీదికి విసిరాను. జీపు అద్దం పగిలింది.

బాపు తొడ లోపలి కండ బయటికి వచ్చి ఉంది. నా ఆకుపచ్చ చీర కొంగు చింపి కట్టు కట్టాను. అదే జీపులో, అతిథులను రిసార్ట్ దగ్గర దింపేసి, కొల్లాపూర్ దవాఖానకు తీసుకుపోయారు. మేనేజర్ కూడా ఎక్కాడు. దారి పొడుగునా బాపు చెవి దగ్గరికి వంగి, "పెద్దాయనా, తోడేలనే చెప్పండి. గొర్రెల సంగతి నేను చూసుకుంటాను. అమ్మాయి పనికి ఏ ఇబ్బందీ ఉండదు," అంటూనే ఉన్నాడు. బాపు కళ్ళు మూసుకుని తల ఊపాడు.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్ల. కట్టు విప్పి, గాయాన్ని సబ్బునీళ్ళతో కడిగిస్తూ అడిగింది. "ఏం కరిచింది తాతా?"

మేనేజర్ బాపు పక్కనే నిలబడి ఉన్నాడు.

"తోడేలమ్మా," అన్నాడు బాపు.

నా దవడ లాగింది. పాత చోటే. ఎదుట బల్ల, గాజుసీసాలు, పక్కన నిలబడ్డ మనిషి, అడిగే డాక్టరు, చెప్పే అబద్ధం, అన్నీ నేను చూసినవే. మెట్లు లేని ఇంట్లో మెట్ల మీద నుంచి పడ్డది నేనే. బాపుకు కళ్ళు పోలేదని, మొండితనం కాదని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

"కుక్క," అన్నాను.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "కుక్కా? ఎవరిది?"

"ఎవ్వలది గాదు. మా రిసార్టోళ్ళు ఎముకలేసి మేపిన కుక్క. గీ సారే మేపిచ్చిండు. రాసుకో డాక్టరమ్మా."

"ఏమ్మా, ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నాడు మేనేజర్. ఆయన గొంతు పెరగడం నేను మొదటిసారి విన్నాను. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. నా చేతికున్న నెత్తురు ఆయన తెల్ల చొక్కాకు అంటింది. నర్సు వచ్చి విడిపించేదాకా వదల్లేదు. ఆయన బయటికి పోయి జీపు తీసుకుని వెళ్ళిపోయాడు.

గాయం లోపల, చుట్టూ కుక్కకాటు మందు సూదులు వేస్తుంటే బాపు గొంగడి అంచును పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. సూదులు అయిపోయాక ఆయన గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"గీ ఏటి పొంటి తోడేలు లేక ఎన్నేండ్లాయె బిడ్డా. దాని అడుగు సుత సూడలే. లేనిదాని మీద పెడితే ఎవ్వలకు నష్టమనుకున్న. కుక్కలంటే మీ సారుతోని లొల్లి వెట్టుకోవాలె. లొల్లి వెట్టుకుంటే నీ కొల్వు వోతది. మల్ల పెద్దమనుషులొస్తరు."

"మరి బండ మీద వాటా ఎందుకు పెట్టినవ్ బాపూ? గవి తిని బలిసినయి గద?"

"తోడేలన్నంక పెట్టకుంటే ఎవలు నమ్ముతరు?" అన్నాడు. నా వైపు తిరిగి, "గది తోడేలు వాటా గాదు బిడ్డా. నీ కొల్వు వాటా," అన్నాడు.

నేను ఆ మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, ప్రేమతో ఏడ్చాను, ఏది ఎంతో ఇప్పటికీ చెప్పలేను. కూతురి పని నిలబడడానికి తన చేతులతో పెంచిన గొర్రెలను ఒక్కొక్కటే మోసుకుపోయి కుక్కలకు పెట్టిన మనిషిని నేను కండ్లు వోయినయా అని అడిగాను.

ఉద్యోగం పోయింది. రావద్దని మర్నాడే ఫోన్ వచ్చింది. అమ్మా నేనూ ఊబిలో చచ్చిన గొర్రెలను తాళ్ళతో లాగి ఒడ్డు మీద వేశాం. బాపును ఇంటికి తీసుకొచ్చిన నాడు మంచం మీద కూర్చుని, ఈసారి బండల మీదికి మోయొద్దన్నాడు. ఇంటి పక్క ఖాళీ జాగలోకే తెప్పించి లోతుగా గుంట తీయమన్నాడు. మా ఇంట్లో చచ్చిన గొర్రెను పూడ్చడం ఎవరూ ఎరగరు. నేను గడ్డపార పట్టుకున్నాను, అమ్మ మట్టి ఎత్తింది. ఎండకు ఉబ్బిన కళేబరాల వాసనకు రెండుసార్లు కక్కుకుని మళ్ళీ తవ్వాను.

అప్పుడే పెద్దలు వచ్చారు. పరామర్శకు అన్నారు. బాపు కాలు చూశారు, అయ్యో అన్నారు, చాయ తాగారు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, ఇక పిల్లకు పని కూడా లేదు కదా, షాద్‌నగర్ అల్లుడు ఇప్పటికీ ఏలుకుంటానంటున్నాడని, పంపించేస్తే అందరికీ మర్యాదని అన్నాడు. గుంటలో నడుము లోతు దాకా ఉన్న నేను గడ్డపార ఆపి విన్నాను. ఈసారి బాపు తల వంచుకుంటాడనుకున్నాను. కొల్వు లేదు, సగం మంద లేదు, లేచి నిలబడే కాలు లేదు.

బాపు మంచం పట్టె పట్టుకుని లేచాడు. కట్టు తడిసి నెత్తురు మోకాలి మీదికి కారింది. గుంట పక్కన వరసగా పడి ఉన్న గొర్రెలను చేత్తో చూపించాడు.

"పెట్టినన్ని దినాలు పెట్టిన," అన్నాడు. "ఇంక మా ఇంట్ల నుంచి ఎవ్వలకు వాటా లేదు. లెవ్వుండ్రి."

వాళ్ళు లేచారు. నేను గడ్డపార ఎత్తి మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాను.